రష్యన్ ప్రభువర్గ స్త్రీలు భర్త పోగానే సన్యాసం పుచ్చుకునేవారా?

అందరూ కాదు. పుచ్చుకున్నవాళ్లు సైతం భర్త పోయిన మర్నాడే మఠానికి వెళ్లిపోయారనుకోవద్దు. నతాలియా దొల్గొరూకొవా సంగతే చూడండి.

ఫీల్డ్ మార్షల్ బొరీస్ షెరెమెతెవ్ కూతురు ఆమె, 1714లో పుట్టింది. 1729 డిసెంబరులో చక్రవర్తి రెండో పీటర్‌కు ఆప్తుడైన ఇవాన్ దొల్గొరూకొవ్‌తో నిశ్చితార్థం. వరుడి ఉంగరం ఖరీదే 12 వేల రూబుళ్లు! నెల తిరగకుండానే చక్రవర్తి మశూచితో చనిపోయాడు, దొల్గొరూకొవ్‌ల దశ తిరగబడింది. సంబంధం వదులుకోమని అయినవాళ్లంతా చెప్పారు. పచ్చగా ఉన్నప్పుడు ఒప్పుకుని, కష్టం రాగానే కాదనడం ఆమె మనసుకు నచ్చలేదు. 1730 ఏప్రిల్లో పెళ్లి. వధువు వెంట వచ్చింది ఇద్దరు ముసలి బంధువులే. కొద్ది రోజులకే ప్రవాసం, చివరికి సైబీరియాలోని బెర్యోజొవ్‌కు. 1739లో ఇవాన్‌ను నొవ్‌గొరొద్ దగ్గర చిత్రవధ చేసి చంపారు.

అప్పటికి ఆమెకు పాతికేళ్లు, ఇద్దరు కొడుకులు. 1740లో మాస్కో తిరిగొచ్చి వాళ్లను పెంచింది. 1758లో గానీ కీవ్‌లోని ఫ్లొరొవ్‌స్కీ మఠంలో నెక్తారియాగా దీక్ష తీసుకోలేదు. అంటే దాదాపు ఇరవై ఏళ్లు తల్లి బాధ్యతే ముందు నిలిచింది.

దీక్ష తీసుకున్నాక కూడా కుటుంబబంధం తెగలేదు. మతిస్థిమితం లేని చిన్నకొడుకు ద్మీత్రీ కీవ్‌లోనే ఉండేవాడు. పెద్దకొడుకు మిఖయీల్ అడిగితే 1767లో తన జ్ఞాపకాలు స్వయంగా రాసింది. నా దృష్టిలో ఆమె భక్తికి అసలు రుజువు మఠం కాదు, ఆ 1730 నాటి పెళ్లే.