సెకండ్‌హ్యాండ్‌లో కొన్న సోనీ ఆర్‌ఎక్స్‌ 100: ఇంట్లో తీసే ఫోటోలు చెదిరిపోయి, పసుపు రంగులో వస్తుంటే ఏ సెట్టింగులు మార్చాలి?

మీరు సోనీ ఆర్‌ఎక్స్‌ 100 మొదటి మోడల్‌ను సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. పగటిపూట ఆరుబయట తీసినవి బాగానే వస్తున్నాయి గాని, సాయంత్రం ఇంట్లో నాలుగేళ్ల మీ పాపను తీస్తే బొమ్మ చెదిరిపోతోందనీ, గోడలూ బట్టలూ పసుపు పులిమినట్లు కనిపిస్తున్నాయనీ రాశారు. మెనూలో ఉన్న ఇన్ని అంశాలలో ఏవి మార్చాలో, ఏవి వదిలేయాలో తెలియడం లేదని, దీనికంటే ఫోనే నయమనిపిస్తోందని కూడా అన్నారు. ఇదే కెమెరాను నేను 2013 నుంచి వాడుతున్నాను. మొదటి ఏడాది మీరు చెప్పిన ఇబ్బందులన్నీ పడ్డాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

మీ కెమెరాలో లోపం ఉన్నట్లు నాకు అనిపించడం లేదు. ఆటోలో పెట్టినప్పుడు గదిలో వెలుతురు ఎంత ఉందో కెమెరాకు తెలుస్తుంది, ముఖం ఎక్కడ ఉందో కూడా తెలుస్తుంది. ఆ పాప మరుక్షణం గెంతబోతోందన్న సంగతి మాత్రం దానికి తెలియదు. అది తల్లిదండ్రులకే తెలుస్తుంది. అందుకని ఇంట్లో మనుషులను తీసేటప్పుడు షట్టర్ వేగాన్ని, అంటే షట్టర్ ఎంతసేపు తెరుచుకొని వెలుతురును లోపలికి రానివ్వాలో, కెమెరాకు వదలకుండా మీరే నిర్ణయించండి. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే మీరు పడుతున్న బాధలో సగానికి పైగా తీరిపోతుంది.

ఇది నాకు మా చెల్లెలి పెళ్లిలో తెలిసివచ్చింది. తలంబ్రాల సమయంలో ఆటోలో పెట్టుకొని, మండపం పక్కన నిలబడి నలభైకి పైగా ఫోటోలు తీశాను. మర్నాడు కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూస్తే చెల్లెలి చేతులు రెండూ పొగలాగా సాగిపోయి ఉన్నాయి, బియ్యపు గింజలు సన్నని తెల్లని గీతలయ్యాయి, బావగారి నవ్వు ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. అయితే వాళ్ల వెనక పందిరి రాటకు కట్టిన మామిడాకులు మాత్రం ఈనెలతో సహా లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా ఉన్నాయి. చాలాసేపు ఆ ఆకులనే చూస్తూ కూర్చున్నాను. నా చెయ్యి వణికి ఉంటే ఆకులు కూడా చెదిరిపోవాలి కదా. ఫోటో వివరాలు తెరిచి చూస్తే షట్టర్ వేగం సెకనులో 30వ వంతు అని ఉంది. కెమెరాలోని స్టెడీషాట్ నా చేతి వణుకును సరిదిద్దింది గాని, కదిలే చేతులను నిలబెట్టడం దాని వల్ల అయ్యే పని కాదు. ఆ పని షట్టర్ వేగం ఒక్కటే చేయగలదు. ఆ ఘట్టానికి ఇక రెండోసారి ఉండదు కాబట్టి ఆ ఫోటోలు ఇప్పటికీ నన్ను బాధపెడతాయి.

కాబట్టి ఇంట్లోకి రాగానే పైన ఉన్న మోడ్ డయల్‌ను, షట్టర్ వేగాన్ని మీ చేతికిచ్చే ఎస్ అక్షరం దగ్గరకు తిప్పండి. లెన్స్ చుట్టూ ఉన్న రింగును తిప్పుతూ షట్టర్ వేగాన్ని 1/100 దగ్గర పెట్టండి. కుదురుగా కూర్చొని బొమ్మలు వేసుకుంటున్న పిల్లలకు ఇది సరిపోతుంది; పరుగెత్తే పిల్లలకైతే 1/250 కావాలి. నేను 1/100 అనడానికి ఇంకో కారణం ఉంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్‌జ్ కనుక పాత ట్యూబులైట్లు, కొన్ని ఎల్‌ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతూ ఉంటాయి. అంతకంటే ఎక్కువ వేగంతో వరుసగా తీస్తే ఒక ఫోటో వెలుగుగా, ఇంకొకటి మబ్బుగా రావడం గమనిస్తారు. అది కూడా కెమెరా లోపం కాదు.

వేగం పెంచితే లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది. 1/30 నుంచి 1/100కు వెళితే వెలుతురు మూడో వంతుకు పడిపోతుంది, ఆ లోటును ఐఎస్ఓ, అంటే వెలుతురుకు కెమెరా ఎంత సున్నితంగా స్పందించాలో చెప్పే అంకె, పూడ్చాలి. అంతకు ముందు 800తో సరిపోయిన చోట ఇప్పుడు 2,500 దాటవలసి వస్తుంది. అందుకని ఐఎస్ఓను ఆటోలోనే ఉంచి, దాని గరిష్ఠ పరిమితిని 3,200కు పెంచండి. ఐఎస్ఓ జాబితాలో ఆటో మీద ఆగి కుడివైపు నొక్కితే ఆ పరిమితులు కనిపిస్తాయి. ఫోటోలో ఇసుక చల్లినట్లు గరుకుదనం వస్తుందని చాలామంది భయపడి 800 దగ్గరే ఆపేస్తారు. నేనూ అలాగే చేసేవాణ్ణి. నాలుగు బై ఆరు అంగుళాల ప్రింటు మీద 3,200 గరుకుదనం కంటికి పెద్దగా ఆనదు; చెదిరిపోయిన ముఖాన్ని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. అప్పటికీ వెలుతురు చాలకపోతే స్క్రీన్ మీద ఎఫ్ సంఖ్య (లెన్స్ ఎంత తెరుచుకుందో చెప్పే అంకె; అది చిన్నదైతే వెలుతురు ఎక్కువ వస్తుంది) మినుకుతుంది. అప్పుడు ఇంకో దీపం వేయండి, లేదా 1/80కి దిగండి.

లెన్స్ గురించి ఒక సంగతి తప్పక తెలుసుకోవాలి. దీని మీద రాసి ఉన్న ఎఫ్ 1.8 అనేది జూమ్ అసలు కదపనప్పుడు, అంటే 28 మిల్లీమీటర్ల దగ్గర మాత్రమే దొరుకుతుంది. పూర్తిగా జూమ్ చేసి 100 మిల్లీమీటర్లకు తీసుకువెళితే అది ఎఫ్ 4.9 అయిపోతుంది, అంటే వెలుతురు దాదాపు ఏడో వంతుకు తగ్గిపోతుంది. సోఫాలో కూర్చొని గదికి అటు చివర ఉన్న పాపను జూమ్‌తో దగ్గరకు లాక్కోవడం, పైగా దీపాల వెలుగులో, ఈ కెమెరాతో చేయగల అతి కష్టమైన పని. లేచి నాలుగడుగులు వేసి దగ్గరకు వెళ్లండి. మరీ మీదకు వెళితే 28 దగ్గర ముక్కు పెద్దదై ముఖం సాగినట్లు వస్తుంది కనుక, మూడు నాలుగు అడుగుల దూరంలో నేల మీద కూర్చొని పాప కళ్ల ఎత్తులో తీయండి. చుట్టూ అనవసరమైన చోటు వచ్చినా పరవాలేదు, 20 మెగాపిక్సెళ్లు ఉన్నాయి కాబట్టి తరువాత కత్తిరించుకోవచ్చు.

ఫోన్‌తో పోలిక గురించి అడిగారు. వెలుతురును ఫోటోగా మార్చే సెన్సర్ ఈ కెమెరాలో 13.2 మిల్లీమీటర్ల వెడల్పు, 8.8 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. 2012లో ఇది వచ్చేనాటికి మామూలు జేబు కెమెరాల్లో ఉన్న సెన్సర్లకు ఇది సుమారు నాలుగింతలు. ఇప్పటి ఫోను మీరు నొక్కిన ఒక్క క్షణంలోనే ఎన్నో ఫోటోలు తీసి, వాటిని కలిపి, నీడలను వెలిగించి చేతిలో పెడుతుంది. ఈ కెమెరా మామూలు మోడ్‌లలో ఒక్కటే తీస్తుంది. ఆ ఒక్కదానికి కావలసిన వేగం, వెలుతురు, ఫోకస్ మీరు సరిగ్గా ఇస్తే జుట్టు పోగులూ, చీర నేతా అది చూపినంత సహజంగా నా ఫోను నాకు ఎన్నడూ చూపలేదు.

ఇక వెలుగునీడల విషయం. ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడి చూసే ఉంటారు. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. చూరు కింద నల్లని డోలరైట్ రాతితో చెక్కిన మదనికల శిల్పాలు ఉంటాయి. ఎక్స్‌పోజర్, అంటే ఫోటోకు ఎంత వెలుగు అందాలన్న లెక్క, ఏమిటో నాకు నేర్పినవి ఆ శిల్పాలే. కింద నిలబడి, వెనక ఆకాశం కనిపించేలా ఒక మదనికను తీస్తే, ఆకాశపు వెలుగును చూసి కెమెరా మొత్తం ఫోటోను తగ్గించేసింది. శిల్పం బొగ్గుముద్దలా మిగిలింది, కళ్లు, ముక్కు, మెడలోని హారాలు ఏవీ లేవు. జూమ్ చేసి అదే శిల్పం చట్రమంతా నిండేలా తీస్తే తలకిందులైంది. అంతా నల్లగా ఉండటం చూసి, వెలుతురు చాలదనుకొని కెమెరా ఎక్స్‌పోజర్‌ను పెంచేసింది. నున్నగా మెరిసే నల్లరాయి సిమెంటు బొమ్మలాగా బూడిద రంగులో వచ్చింది.

తనకు కనిపించేదంతా సగటున ఒక నడిమి బూడిద రంగు అయి ఉంటుందని కెమెరా లెక్క వేసుకుంటుంది. వెనక ఉన్న చక్రంలో కింది భాగాన్ని నొక్కితే వచ్చే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, ఆ లెక్కను మీరు సవరించడానికే ఉంది. నేను ఆకాశం ముందున్న శిల్పానికి ప్లస్ 1.3 పెట్టాను, ఆకాశం తెల్లబడినా శిల్పం ముఖం కనిపించింది. చట్రం నిండిన నల్లరాతికి మైనస్ 0.7 పెట్టాక రాతి నునుపు, దాని మీద సాయంత్రపు వెలుగు గీత రెండూ దక్కాయి. ఇంట్లో కూడా సూత్రం అదే. కిటికీ ముందు నిలబడ్డ పాపకు ప్లస్, నల్లని తెర ముందు కూర్చున్న తాతగారికి మైనస్. తెల్లని పంచె, తెల్లని గోడ చట్రంలో ఎక్కువగా ఉంటే అవి మురికిపట్టినట్లు వస్తాయి కనుక ప్లస్ 0.7 పెట్టాలి. పని అయ్యాక మళ్లీ సున్నాకు తేవడం మరచిపోకండి, కెమెరా ఆపి తెరిచినా ఆ అంకె అలాగే ఉండిపోతుంది.

ఫోకస్ విషయంలో చాలామంది చేసే పొరపాటు షట్టర్ బటన్‌ను ఒక్కసారిగా చివరిదాకా నొక్కేయడం. సగం నొక్కి ఆగితే కెమెరా బీప్‌మని, స్క్రీన్ మూలన పచ్చని చుక్క నిలకడగా వెలుగుతుంది. అప్పుడు మిగతా సగం నొక్కాలి. ఫోకస్ ఏరియా మల్టీలో ఉంటే కెమెరా దేన్ని ఎంచుకుంటుందో చెప్పలేం. పాప చేతిలో ఉన్న బొమ్మ మీదకు వెళ్లిన సందర్భాలు నా దగ్గర బోలెడు ఉన్నాయి. దాన్ని సెంటర్‌కు మార్చి, కళ్ల మీద సగం నొక్కి, వేలు తీయకుండా చట్రాన్ని సర్దుకొని పూర్తిగా నొక్కండి. ఫేస్ డిటెక్షన్‌ను మాత్రం ఆపకండి, ముఖం ఎదురుగా ఉన్నప్పుడు అది నమ్మదగినదే.

పసుపు రంగుకు కారణం వైట్ బ్యాలెన్స్, అంటే దీపం రంగును బట్టి తెలుపును తెలుపుగా చూపే సవరణ. మీ ఇంట్లో పాత బల్బులో, వెచ్చని రంగు ఎల్‌ఈడీలో ఉండి ఉంటాయి. ఆటో వైట్ బ్యాలెన్స్ వాటిని పూర్తిగా సరిదిద్దలేదు. మెనూలో ఉన్న బల్బు గుర్తు కొంత నయం. అంతకంటే మంచిది కస్టమ్ సెటప్: దీపం వెలుగు పడుతున్న చోట ఒక తెల్ల కాగితం పట్టుకొని, దాన్ని చూపించి బటన్ నొక్కితే ఆ గదిలోని తెలుపు ఏదో కెమెరా గుర్తుపెట్టుకుంటుంది. కాగితం దొరకలేదని నేను ఒకసారి ఉతికి ఆరేసిన మా నాన్నగారి పంచెను చూపించాను. దానికి నీలిమందు పెట్టి ఉంది. ఆ కాస్త నీలాన్నే కెమెరా తెలుపనుకొని, దాన్ని తీసేయడానికి ప్రయత్నించి ఆ పూట ఫోటోలన్నిటినీ ఇంకా పసుపుగా మార్చింది. కళ్లకు తెల్లగా కనిపించే బట్టను ఈ పనికి నమ్మవద్దు.

ఫ్లాష్‌ను నేరుగా ముఖం మీద వేయకండి. ఈ కెమెరా ఫ్లాష్‌ను ఎడమ చూపుడువేలితో మెల్లగా వెనక్కి వంచి పట్టుకుంటే వెలుగు సీలింగ్‌కు తగిలి, మెత్తగా కిందికి దిగుతుంది. సీలింగ్ తెల్లగా, పదడుగుల లోపు ఎత్తులో ఉన్న గదుల్లోనే ఇది పనిచేస్తుంది. దూలాలున్న పాత ఇళ్లలో పనిచేయదు. నేరుగా వాడదగిన సందర్భం మిట్టమధ్యాహ్నపు ఎండ. అప్పుడు కళ్ల కింద పడే నీడలను ఆ చిన్న వెలుగు చక్కగా పోగొడుతుంది.

డిజిటల్ జూమ్, పిక్చర్ ఎఫెక్ట్, ఆటో హెచ్‌డీఆర్ వంటివన్నీ ప్రస్తుతానికి ముట్టుకోకండి. నాణ్యతను రా (సెన్సర్ నమోదు చేసిన ముడి ఫైలు), జేపెగ్ (మామూలు ఫోటో ఫైలు) రెండూ వచ్చేలా పెట్టుకుంటే, రంగు తప్పినవాటిని తరువాత రా నుంచి సరిచేసుకోవచ్చు; కార్డులో చోటు ఎక్కువ పడుతుంది, అంతే. పైన చెప్పిన సెట్టింగులన్నీ కుదిరాక మెనూలోని మెమరీలో మొదటి గదిలో భద్రపరచండి. డయల్‌ను ఎంఆర్ దగ్గరకు తిప్పగానే అన్నీ ఒక్కసారిగా వచ్చేస్తాయి. పాప ఏదో ముద్దుగా చేస్తున్నప్పుడు మెనూలో వెతుక్కునే వ్యవధి ఎవరికీ ఉండదు. మా ఇంట్లో కెమెరా ఎప్పుడూ ఆ గుర్తు దగ్గరే ఉంటుంది.

సెకండ్‌హ్యాండ్‌లో కొన్నానన్నారు కాబట్టి ఇంకొక మాట. జూమ్ లెన్స్ ముందుకూ వెనక్కీ కదిలే ఏ జేబు కెమెరాలోనైనా ఏళ్ల తరబడి వాడాక లోపలికి దుమ్ము చేరవచ్చు. లెన్స్ విడదీయలేం కనుక మనంతట మనం తుడుచుకోవడం కుదరదు. డయల్‌ను, ఎఫ్ సంఖ్యను మీ చేతికిచ్చే ఎ అక్షరం దగ్గరకు తిప్పి, ఎఫ్ 11 పెట్టి, జూమ్ లేకుండా ఒకసారి, పూర్తి జూమ్‌తో ఒకసారి శుభ్రమైన ఆకాశాన్నో తెల్లగోడనో తీయండి. కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే దుమ్ము ఉన్నచోట బూడిద రంగు మచ్చలు గుండ్రంగా కనిపిస్తాయి. అమ్మినవారు తిరిగి తీసుకోవడానికి ఇచ్చిన గడువు ఇంకా ఉంటే ఈ పరీక్ష ఇవాళే చేయండి, మచ్చలు కనిపిస్తే ఆ రెండు ఫోటోలూ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.