కనజావాలో చదువుకుంటున్న అమ్మాయికి పెదనాన్న లేఖ

కాకినాడ

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న దీవెనలు. నువ్వు కనజావా చేరి మూడు వారాలైందని, గది సర్దుకున్నావని, తరగతులు కూడా మొదలయ్యాయని మీ నాన్న ఫోనులో చెప్పాడు. చదువుతో సరిపెట్టుకోకుండా అక్కడి మనుషులతో మాట్లాడి జపాను సంస్కృతిని, సమాజాన్ని దగ్గరగా తెలుసుకోవాలని ఉందనీ, అయితే ఎవరిని కలవాలో, కలిస్తే ఏమి అడగాలో తోచడం లేదనీ నువ్వు రాసిన ఉత్తరం చదివి ఎంతో సంతోషించాను. ఆ ఊళ్ళోనే ఒక యంత్రాల కర్మాగారంలో పద్దెనిమిదేళ్ళు పనిచేసినవాణ్ణి కనుక, నేను పొరబాటుపడి నేర్చుకున్నవాటితో సహా, నాకు తెలిసింది వివరంగా రాస్తున్నాను.

మొదట చెప్పవలసింది ప్రశ్న గురించి. "మీ సంస్కృతి గురించి చెప్పండి" అని అడిగితే ఎంతటి పండితుడైనా పుస్తకాల్లో ఉన్న నాలుగు మాటలు చెప్పి ఊరుకుంటాడు. అలా కాకుండా, "కొత్త సంవత్సరం నాడు మీ ఇంట్లో ఓజోనిలో ఏమేమి వేస్తారండీ?" అని అడిగి చూడు. ఓజోని అంటే దంచిన జిగురుబియ్యపు ముద్దలు, అంటే మోచీలు, వేసి కాచే పులుసు. తూర్పు జపానులో మోచీని నలుచదరంగా కోసి, కాల్చి, తేటగా ఉండే పులుసులో వేస్తారు. పడమటివైపు గుండ్రటి మోచీలు వాడతారు. క్యోటోలో తెల్లని మిసోతో, అంటే పులియబెట్టిన సోయా ముద్దతో, పులుసు చిక్కగా ఉంటుంది. షికోకు దీవిలోని కగావాలోనైతే తీపి పూర్ణం పెట్టిన మోచీనే ఆ మిసో పులుసులో వేస్తారు. చదరపు మోచీకి, గుండ్రటి మోచీకి నడుమ గీత నువ్వున్న ఇషికావా ప్రాంతం మీదుగానే పోతుందని చెబుతారు. కాబట్టి ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పబోయి మనిషి తన తల్లిది ఏ ఊరో, తండ్రిది ఏ ఊరో, పెళ్ళయ్యాక ఇంట్లో ఎవరి పుట్టింటి పద్ధతి నిలిచిందో, ఉద్యోగం కోసం ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చారో అన్నీ తానే చెప్పుకుపోతాడు. మన ఇళ్ళలో పప్పుచారు విషయంలో మీ అమ్మకూ మీ నానమ్మకూ జరిగిన వాదాలు గుర్తు తెచ్చుకుంటే నా మాట నీకు సులభంగా అర్థమవుతుంది.

ఇలా చిన్న ప్రశ్న అడగడం అక్కడ ఎంత గౌరవప్రదమైన విద్యో నాకు తెలిసింది తేనీటి సభలో. కనజావా ఈ సంప్రదాయానికి పెట్టింది పేరు. ఆ ఊరు మాయెదా ప్రభువుల రాజధాని. 1666లో వారి పిలుపు మీద క్యోటోలోని ఉరాసెంకే పీఠానికి నాలుగో ఆచార్యుడైన సెన్సో షిత్సు వచ్చినప్పుడు, ఆయన వెంట వచ్చిన కుమ్మరి ఓహి అనే పల్లె మట్టితో చేసిన పాత్రలే నేటి ఓహి గిన్నెలకు మొదలు. ఎవరైనా నిన్ను సభకు పిలిస్తే తప్పకుండా వెళ్ళు, కాని మొదటి ఆసనంలోను, చివరి ఆసనంలోను కూర్చోవద్దు. మొదట కూర్చున్న అతిథి అందరి తరఫునా మాట్లాడాలి, చివర కూర్చున్నవారు సర్దుబాట్లు చూడాలి. కొత్తవారు నడుమ కూర్చోవడమే మర్యాద. అందరూ తేనీరు తాగాక మొదటి అతిథి కోరిక మీద ఇల్లాలు తేయాకు పొడి భరిణెను, వెదురు చెంచాను చాప మీద ఉంచుతుంది. ఒక్కొక్కరు వంగి, మోచేతులు మోకాళ్ళకు ఆనించి, చేయి జారినా వస్తువు పగలనంత కిందుగా పట్టుకుని, తిప్పి చూసి పక్కవారికి అందిస్తారు. ఆ తరువాత ప్రశ్నలు మొదలవుతాయి: భరిణె ఆకారం ఏది, లక్క పూత ఎవరిది, చెంచా చెక్కినవారెవరు, చెంచాకు పెట్టిన పేరేమిటి? నేను వెళ్ళిన ఒక నవంబరు సభలో ఇల్లాలు తలవంచి "హత్సుషిగురె" అన్నది. శీతకాలపు తొలి జల్లు అని దాని అర్థం. బయట అప్పుడు సన్నగా వాన పడుతోంది. ఎవరూ ఏమీ అనలేదు, అయినా గదిలో అందరూ ఆ పేరునూ ఆ వాననూ కలిపి వింటున్నారని నాకు తెలుస్తూనే ఉంది. కళ్ళెదుట ఉన్న వస్తువును గురించి, తెలుసుకుని, వరుసగా, పొదుపుగా అడగడాన్ని అక్కడివారు కళగా సాధన చేస్తారు.

ఇక వినడం సంగతి. నువ్వు మాట్లాడుతుంటే ఎదుటివారు "హయ్, హయ్" అంటూ తలూపుతారు. హయ్ అంటే అవునని పాఠంలో చదివి ఉంటావు, కాని సంభాషణ నడుమ అది మనం కథ వింటూ ఊఁ కొట్టడం వంటిదే, ఒప్పుకోవడం కాదు. నువ్వు కూడా అలా ఊఁ కొట్టాలి. కొట్టకుండా కళ్ళప్పగించి చూస్తూ కూర్చుంటే ఈ అమ్మాయికి మన మాట నచ్చలేదేమోనని వారు ఆపేస్తారు. కాదనడం ఇంకా మెత్తగా ఉంటుంది. వెళ్ళిన తొలి ఏడాదిలో నేనొక వృద్ధ లక్కపనివారిని, మీ పనిగది చూడవచ్చునా అని అడిగాను. ఆయన తల ఒక పక్కకు వంచి, పళ్ళ సందు నుంచి గాలి పీల్చి, "సొరెవా చొత్తో..." అని వాక్యాన్ని అక్కడే వదిలేశారు. "అది కొంచెం..." అని దాని మాటకు మాట. కొంచెం వ్యవధి కావాలంటున్నారని అనుకుని నేను మూడు వారాలు వరుసగా ఫోన్ చేశాను. చివరికి కర్మాగారంలోని పెద్దాయన ఒకరు నన్ను పక్కకు పిలిచి, ఆ సగం వాక్యమే పూర్తి నిరాకరణ అని చెప్పినప్పుడు, ముసలాయనను మూడు వారాలు ఇబ్బందిపెట్టానే అని చాలా బాధపడ్డాను. "ఆలోచిస్తాను" అన్నా దాదాపు అదే అర్థం. అటువంటి మాట వినపడగానే కృతజ్ఞతలు చెప్పి విషయం మార్చు. మెల్లగా పరిచయం పెరిగితే తలుపు వారే తీస్తారు.

మాటల విషయంలో మన తెలుగు నీకు గొప్ప అండ. జపనీసులోనూ క్రియ వాక్యం చివరనే వస్తుంది. మనం "అని" అనే చోట వారు "తో" అంటారు. మన "కదా" పనినే వారి "నే" చేస్తుంది. మనం "గారు" చేర్చినట్టే వారు "సాన్" చేరుస్తారు. ఒక్క చోట మాత్రం జాగ్రత్త. మనం పరాయివారి దగ్గర "మా నాన్నగారు" అనడం మర్యాద. అక్కడ బయటివారితో మాట్లాడేటప్పుడు తన ఇంటివారిని, తన సంస్థవారిని తగ్గించి చెప్పడమే మర్యాద, పై అధికారినైనా సాన్ చేర్చకుండానే చెబుతారు. లోపలివారు, బయటివారు అనే ఈ గీత ఎవరి మాటలో ఎక్కడ పడుతోందో గమనిస్తూ ఉండు. ఆ సమాజం గురించి అది నీకు ఎన్నో సంగతులు తెలుపుతుంది. ఊరి యాస కూడా నేర్చుకో. మామూలు జపనీసులో "కినోదొకు" అంటే అయ్యో పాపం అని. కనజావా పెద్దవాళ్ళు "కినోదొకునా" అన్నారంటే కృతజ్ఞతలు చెబుతున్నారని అర్థం.

సంభాషణ అంటే మనమే అడుగుతూ పోవడం కాదు. ఈ మాట నాకు బంగారు రేకులు కొట్టే వృత్తికారుల వల్ల తెలిసింది. జపానులో తయారయ్యే బంగారు రేకంతా దాదాపుగా కనజావాదే. మిల్లీమీటరులో పదివేలవ వంతు మందం వచ్చేదాకా కొడతారు. చేతితో చేసిన కాగితాల నడుమ బంగారాన్ని పెట్టి కొట్టే పాత పద్ధతిని యునెస్కో 2020లో జపాను చెక్క కట్టడాల సంప్రదాయ నైపుణ్యాలతో పాటు గుర్తించింది. నేను కలిసిన ఒక వృత్తికారుడు మొదట ముక్తసరిగా జవాబులు చెబుతూ పని చేసుకుంటున్నారు. హైదరాబాదు చార్మినార్ దగ్గర వరఖు అనే వెండి రేకును ఇలాగే సుత్తితో కొట్టి మిఠాయిల మీద అద్దుతారని, అక్కడ కాగితం బదులు తోలు పొరలు వాడేవారని నేను చెప్పగానే ఆయన సుత్తి పక్కన పెట్టారు. తోలును దేనితో పదును చేస్తారు, ఎన్ని దెబ్బలు ఓర్చుకుంటుంది అని ఆయనే నన్ను అడగడం మొదలుపెట్టారు. ఆ తరువాతనే తన కాగితం సంగతి విప్పారు: బూడిద నీటిలోను, పచ్చి పెర్సిమన్ కాయల రసంలోను నానబెట్టి, కొట్టి, ఆరబెట్టి కాగితాన్ని సిద్ధం చేయడానికి నెలలు పడుతుందని, తన పనిలో సగం కాగితానిదేనని. పాతబడిన కాగితం ఏమవుతుందని అడిగితే, ముఖం మీది జిడ్డు అద్దుకునే కాగితంగా నాట్యగత్తెల చేతికి చేరేదన్నారు. నువ్వు వరఖు గురించి, కలంకారీ గురించి, మన కొండపల్లి పొణికి కర్ర గురించి బాగా చదివి వెళ్ళు. ఇవ్వడానికి మన దగ్గర కూడా ఏదో ఒకటి ఉండాలి.

ఎవరిని కలవాలని అడిగావు. విశ్వవిద్యాలయ ఆచార్యులు, మ్యూజియంలో గాకుగెయిఇన్ అనే నిపుణులు నీకు ఎలాగూ దొరుకుతారు. వారి వ్యాసం ఒకటైనా చదవకుండా వారి దగ్గరకు వెళ్ళవద్దు. వారికన్నా ముందు నువ్వు ఔత్సాహికులను వెతకాలని నా సలహా. ప్రతి పేటలోనూ కోమిన్‌కాన్ అనే ప్రజాభవనం ఉంటుంది. 1949 నాటి సామాజిక విద్యా చట్టం కింద నడిచే ఈ భవనాల్లో చేతిరాత నుంచి జానపద గీతాల దాకా వారం వారం బృందాలు కూర్చుంటాయి. ఊరి కోట దగ్గర, పాత వీధుల్లో "మాయిదోసాన్" అనే స్వచ్ఛంద మార్గదర్శకులు ఉంటారు. బడి పంతులుగా విరమించి ముప్పై ఏళ్ళుగా తన పేట చరిత్రను తవ్వుతున్న స్థానిక చరిత్రకారులూ కనిపిస్తారు. నా అనుభవంలో సమయాన్ని లెక్కచూడకుండా ఇచ్చేవారు వీరే.

రైలు అభిమానులను తక్కువగా చూడవద్దు. ఎక్కి తిరిగేవారు, ఫోటోలు తీసేవారు అని వారిలో వేర్వేరు తెగలు, వేర్వేరు పేర్లు ఉన్నాయి. 2024 మార్చి 16న అతివేగపు రైలైన షింకాన్‌సెన్‌ను కనజావా నుంచి త్సురుగా దాకా పొడిగించారు కదా, ఆ రోజు గురించి ఒక అభిమానిని అడుగు. ఒసాకా నుంచి నేరుగా వచ్చే థండర్‌బర్డ్ ఎక్స్‌ప్రెస్ త్సురుగాలోనే ఆగిపోయిందని, పాత లైను స్థానిక సంస్థల చేతికి వెళ్ళిందని, రోజూ బడికి వెళ్ళే పిల్లలకు, వృద్ధులకు ఏమి మారిందని చెబుతూ, ఒక ప్రాంతం రాజధానికి దగ్గరవుతూ పొరుగుకు ఎలా దూరమైందో ఆయన వివరించగలడు. అయితే ఇటువంటివారిని నీ అంతట నువ్వు ఒతాకు అని పిలవవద్దు. ఆ మాటకు మూలార్థం మీ ఇల్లు అనో, మీరు అనో మర్యాదగానే ఉన్నా, చాలా కాలం ఎగతాళిగా వాడారు. తమను తాము అలా చెప్పుకునేవారు ఇప్పుడు ఎందరో ఉన్నారు, ఆ చొరవ వారిదే కావాలి. మన తెలుగు సినిమాలను చప్పట్లతో, కేకలతో చూసే ప్రత్యేక ప్రదర్శనలు కూడా అక్కడ జరుగుతాయి. ఆ ప్రేక్షకుల దగ్గర నువ్వే నిపుణురాలివి. పాటలో ఒక మాటకు అర్థం చెప్పి, బదులుగా వారి ఊరి పండుగ సంగతి అడిగి తెలుసుకో.

ఔత్సాహికుని మాటను నిపుణుని దగ్గర సరిచూసుకో, నిపుణుని మాటను వీధిలో సరిచూసుకో. 1643లో ఇప్పుడున్న చోటికి మార్చిన మ్యోర్యూజి ఆలయాన్ని ఊరంతా నింజా గుడి అంటారు. దొంగ మెట్లు, రహస్య గదులు ఉన్న మాట నిజమే కాని నింజాలకు దానితో సంబంధం లేదు, అప్పట్లో దేశాన్ని ఏలే సేనాధిపతి షోగున్ వైపు నుంచి ముప్పు వస్తే కాచుకోవడానికి మాయెదా వారు అలా కట్టించారు. ఈ సంగతి తెలిసినా, నింజా కథను ఉత్సాహంగా చెబుతున్నవారిని మధ్యలో ఆపవద్దు. ఆ కథ ఎందుకు అంత ఇష్టమో వినడం కూడా నీ పనిలో భాగమే. "మేము జపనీయులం ఇంతే" అని ఎవరైనా అన్నప్పుడు మాత్రం, మీ ఊళ్ళోనా, మీ తరంలోనా, మీ ఇంట్లోనా అని మెత్తగా అడుగు. విన్నదాన్ని రాసుకునేటప్పుడు చెప్పినవారి వయసు, ఊరు, వృత్తి పక్కన రాసుకో, అది ఒక మనిషి మాట అని నీకు ఎప్పుడూ గుర్తుండాలి. పెద్దవాళ్ళు సంవత్సరాలను చక్రవర్తి శకంతో చెబుతారు. షోవా అంకెకు 1925, హెయ్‌సెయ్‌కు 1988, రెయ్‌వాకు 2018 కలుపుకుంటే మన లెక్క వస్తుంది. షోవా 39 అంటే ఒలింపిక్స్ జరిగిన, షింకాన్‌సెన్ మొదలైన 1964.

ఒక విషయంలో నీ మనసు మెత్తగా ఉండాలి. మీ ఊరికి ఉత్తరాన నోతో ద్వీపకల్పంలో 2024 జనవరి 1న 7.6 తీవ్రతతో భూకంపం వచ్చింది, వాజిమాలోని ఉదయపు సంత వీధి మంటల్లో కాలిపోయింది. అక్కడి లక్కపనివారు కనజావాలో కూడా నీకు తారసపడవచ్చు. వారిని లక్క గురించి అడుగు, పొరల మీద పొరలు ఎలా ఎక్కిస్తారో అడుగు. భూకంపం గురించి వారంతట వారు చెబితే పుస్తకం, పెన్ను పక్కన పెట్టి విను.

కలిసి వచ్చిన మూడు నాలుగు రోజుల్లోపు చేతితో కృతజ్ఞతా లేఖ రాసి పంపు. విన్నవాటిలో ఒక్క సంగతిని పేరు పెట్టి అందులో ప్రస్తావించు. నిన్ను పరిచయం చేసినవారికి కూడా విడిగా రాయి, ఎందుకంటే నువ్వు ఆలస్యంగా వెళ్ళినా, మాట తప్పినా తల దించుకోవలసింది వారే. కానుక చిన్నది చాలు, ఖరీదైనది తీసుకువెళితే బదులు ఇవ్వవలసిన భారం వారిమీద పడుతుంది. నీకు పార్సెల్‌లో ఆత్రేయపురం పూతరేకులు పంపుతున్నాను. రేకుల సంగతి తెలిసిన ఊరు కదా, బియ్యంతో ఇంత పలుచగా ఎలా తీస్తారని వారే అడుగుతారు. కుండ మీద రేకు తీసే విధానం మీ పెద్దమ్మ వేరే కాగితం మీద రాసి అందులో పెట్టింది, ముందే చదువుకో. జనవరిలో మీ ఇంటి యజమానురాలి ఓజోనిలో మోచీ చదరంగా ఉందో, గుండ్రంగా ఉందో నాకు రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న