అల్లుడూ, రోజ్‌వుడ్ కోసం అప్పు చెయ్యకు

ఏరా అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, భీమవరంలో షెడ్డు అద్దెకి తీసుకున్నావంట, గిటార్ల పని మొదలెడుతున్నావంట, ముందుగా అప్పు చేసి మరీ కేరళ నుంచి రోజ్‌వుడ్ పలకలు తెప్పిస్తున్నావంట. షెడ్డు మాటకి ఎంత సంతోషం వేసిందో ఆ అప్పు మాటకి అంత దిగులు పడిపోయింది, నిద్ర పట్టలేదు, అందుకే తెల్లారకుండానే లేచి ఇది టైప్ చేస్తున్నా. డబ్బు కట్టకపోయుంటే ఆగు. కట్టేసుంటే బిల్లూ, ఫారెస్ట్ వాళ్ళ ట్రాన్సిట్ పర్మిటూ, అదే కలప తరలించడానికిచ్చే అనుమతి కాగితం, వస్తాయో లేదో ఇవాళే అడుగు, అవి ఇవ్వనన్నవాడి దగ్గర ఒక్క పలక కూడా దించుకోకు.

మన పెద్దాళ్ళు ఇరుగుడు అనేవాళ్ళే, అదేరా ఈ రోజ్‌వుడ్. డాల్బెర్జియా లాటిఫోలియా అని శాస్త్రం పేరు, గుర్తుపెట్టుకో, నీ వ్యాపారంలో ఈ పేరు చాలాసార్లు రాయాల్సొస్తుంది. అసలు గిటార్లోళ్ళు మోజు పడింది దీని మీద కాదు, బ్రెజిల్ రోజ్‌వుడ్ మీద. అక్కడి ప్రభుత్వం దుంగల ఎగుమతి ఆపేస్తే అమెరికా గిటార్ల కంపెనీ మార్టిన్ 1969లో మన ఇండియా కలపకి మారింది, మిగతావాళ్ళూ ఆ దారే పట్టారు. బ్రెజిల్ రకాన్ని 1992లో సైటీస్ ఒప్పందం, అదే అంతరించిపోయే జీవుల వ్యాపారం మీద దేశాలన్నీ చేసుకున్న ఒప్పందం, మొదటి జాబితాలో పెట్టేశారు, అంటే ఆ కలపతో వ్యాపారం దాదాపు బందే. తర్వాత చైనాలో ఎర్ర కలప ఫర్నిచర్‌కి గిరాకీ విపరీతంగా పెరిగి అడవులకి అడవులే ఖాళీ అవుతుంటే 2017 జనవరి 2 నుంచి డాల్బెర్జియా జాతి మొత్తాన్నీ రెండో జాబితాలోకి తెచ్చారు, మన ఇరుగుడూ, దాని చుట్టం సిస్సూ చెట్టూ కూడా. రెండో జాబితా అంటే నిషేధం కాదు, దేశం దాటాలంటే పర్మిట్ ఉండాలి అంతే.

ఆ అంతే అన్నమాటే నన్ను ముంచింది. ఆ ఏడాదే అమెరికాలో ఒకాయనకి గిటార్ అమ్మి మామూలుగా పార్సిల్ చేసి పంపేశా, బ్యాకూ సైడ్సూ, అంటే వెనక పలకా పక్క పలకలూ, ఇరుగుడే. రూల్ మారిందని నాకెవరూ చెప్పలేదు, నేనూ కనుక్కోలేదు. కస్టమ్స్‌లో నాలుగు నెలలు పడుంది. తిరిగొచ్చేసరికి తీగలు కట్టే బ్రిడ్జ్ లేచిపోయి, టాప్ అంటే ముందు పలక ఉబ్బిపోయి ఉంది, ఆయనకి డబ్బు వెనక్కిచ్చేశా. మూడు నెలల పనిరా అది, ఇప్పటికీ ఆ పెట్టె విప్పిన రోజు తలుచుకుంటే కడుపులో తిప్పుతుంది.

2019 నవంబర్ 26 నుంచి, తయారీ పూర్తయిన వాయిద్యాలకీ వాటి విడి భాగాలకీ ఆ పర్మిట్ అక్కర్లేదన్నారు, బ్రెజిల్ రకానికి తప్ప. దాన్ని పట్టుకుని చాలామంది రోజ్‌వుడ్ మీద రూల్సే పోయాయి అనుకుంటున్నారు. పోలేదు. పచ్చి పలకలు దేశం దాటించాలంటే ఇప్పటికీ కాగితం కావాలి, ఇక్కడ చెట్టు కొట్టినా లారీ ఎక్కించినా మన అటవీ శాఖ రూల్స్ వేరే ఉన్నాయి. అమెరికాలో లేసీ చట్టం అని ఒకటుంది, 2008లో కలపని కూడా అందులో చేర్చారు, ఎక్కడో దొంగతనంగా కొట్టిన కలపైతే అక్కడ కేసవుద్ది. గిబ్సన్ అంత పెద్ద గిటార్ల కంపెనీయే ఎబొనీ అనే నల్ల కలప విషయంలో 2012లో 3 లక్షల డాలర్లు కట్టి బయటపడింది, ఇక నువ్వూ నేనూ ఎంత.

ఎర్రచందనం బ్యాక్ వేద్దామని ఎవడో ఒకడు నీ దగ్గరికి కచ్చితంగా వస్తాడు. అది శేషాచలం, నల్లమల చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని చెట్టు, 1995 నుంచి సైటీస్ రెండో జాబితాలో ఉంది. జపాన్‌లో షామిసెన్ అనే మూడు తీగల వాయిద్యానికి వాడతారు కాబట్టి పలుకుతుంది, అందులో అనుమానం లేదు. మన మెట్ట పొలాల్లో వేసుకున్న రైతులూ ఉన్నారు, వాళ్ళ దగ్గర అన్ని అనుమతులతో కొంటే వేరే సంగతి. కాగితం లేని ముక్క మాత్రం అరచెయ్యంత ఉన్నా షెడ్డులో పెట్టనివ్వకు, బంధువు ఇచ్చినా సరే.

మరి దేంతో చెయ్యాలి అంటావు. 1862లో స్పెయిన్‌లో టోర్రెస్ అనే ఆయన, ఇప్పటి క్లాసికల్ గిటార్‌కి రూపం ఇచ్చినాయనే, బ్యాకూ సైడ్సూ అట్టతో చేసి టాప్ మాత్రం మంచి చెక్క వేసి గిటార్ కట్టాడు, శబ్దం అంతా టాప్‌లోనే ఉందని చూపించడానికి. అది ఇప్పటికీ బార్సిలోనా మ్యూజియంలో ఉంది. 2018లో ఇంగ్లాండ్‌లో లాంకాస్టర్ యూనివర్సిటీవాళ్ళు ఒకే డిజైన్‌లో ఆరు గిటార్లు ఆరు రకాల కలప బ్యాకుతో చేయించి 52 మంది చేత ఏ కలపో కనపడకుండా వాయింపించి చూశారు, బ్రెజిల్ రోజ్‌వుడ్‌కీ సపేలీ అనే ఆఫ్రికా కలపకీ పెద్ద తేడా ఎవరూ పట్టలేకపోయారు. అందుకని నీ డబ్బు టాప్ మీద పెట్టు. మంచి స్ప్రూస్, అదే చలి దేశాల్లో పెరిగే తేలికపాటి కలప, తెప్పించుకో, దానికి సైటీస్ గొడవ లేదు, గీతలు దగ్గరదగ్గరగా నిటారుగా ఉన్నది చూసుకో, గోటితో కొడితే ఖంగుమనాలి.

బ్యాకూ సైడ్స్‌కి మన ఊళ్ళల్లోనే ఉందిరా. నూజివీడులో, బొబ్బిల్లో వీణలు దేంతో చేస్తున్నారు, పనస కర్రతోనే కదా, ఏకాండి వీణైతే ఒక్క దుంగలోంచే తొలుస్తారు. కచేరీ వీణకి పనికొచ్చిన చెట్టు నీ గిటార్‌కి పనికిరాదా? నేను పదకొండు గిటార్లు పనసతో చేశా. కొత్తలో పసుపుగా ఉంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ తేనె రంగుకి, తర్వాత గోధుమ రంగుకి తిరుగుతుంది, ఆ రంగు చూడ్డానికే కొందరు మళ్ళీ తెచ్చి చూపిస్తారు. చిత్రిక పట్టేటప్పుడు అక్కడక్కడ ఎదురు తిరిగి చీలుతుంది, బ్లేడు బాగా నూరి పల్చగా తియ్యి, చివర గీకుడు రేకుతో లాగు.

ఇంకోటి, కోనసీమలో మండువా లోగిళ్ళు పడగొడుతున్నారు, అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది గానీ పడగొట్టక తప్పనప్పుడు ఆ దూలాలు వంటచెరుకైపోకుండా నువ్వైనా కొనుక్కో. ఎనభై తొంభై ఏళ్ళు నీడలో ఎండిన టేకు, అలాంటిది ఏ అడితీలో దొరకదు. ఆ ఇంటాయన దగ్గర ఫలానా ఇంటి పాత కలప అని రాయించుకుని ఫొటోలు తీసిపెట్టుకో, తరలించేముందు అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో అడుగు. కోతకి ముందు మేకులన్నీ వెతికి పీకెయ్యాలి, లేకపోతే సామిల్లువాడు నిన్ను మళ్ళీ గుమ్మం ఎక్కనివ్వడు. టేకులో జిడ్డు ఉంటుంది కాబట్టి అంటించబోయే ముందు ఎసిటోన్‌తో తుడిచి వెంటనే జిగురు పెట్టు. మామిడి వద్దు, పురుగు పడుతుంది. తాటి గట్టిదే గానీ నారలు లేస్తాయి, వేళ్ళకి గుచ్చుకుంటాయి.

వేళ్ళతో తీగలు నొక్కే ఫింగర్‌బోర్డ్‌కి ఎబొనీయే కావాలని మంకుపట్టు పట్టకు. మన నల్లమద్దినే బయటోళ్ళు ఇండియన్ లారెల్ అంటారు, ఫెండర్‌వాళ్ళ స్క్వయర్ గిటార్లకి దాంతోనే ఫింగర్‌బోర్డులు వేశారు. బిల్లుతో దొరికితే అదే వెయ్యి. లేదంటే రిచ్‌లైట్, కాగితం పొరల్ని రెజిన్‌లో ముంచి వేడి మీద నొక్కి చేసిన నల్లటి పలక, పేరున్న కంపెనీలే వాడుతున్నాయి. మొదట్లో నాకూ నచ్చలేదు, కాగితమేంటి అనుకున్నా, కానీ వానాకాలం ఎండాకాలం తేడా లేకుండా కదలకుండా ఉంటుంది, మన గాలికి అది వరం. కోసేటప్పుడు మాస్కు తియ్యకు.

గాలి అన్నా కదా, అసలు భయం అదే. నువ్వున్నది డెల్టాలో, చుట్టూ చేపల చెరువులు, ముసురు పట్టిన రోజుల్లో గాల్లో తేమ 80 శాతం పైనే. ఆ గాల్లో చెక్క 16 శాతం దాకా నీళ్ళు పట్టుకుంటుంది. అప్పుడు నువ్వు టాప్‌కి లోపల ఊతంగా ఉండే బద్దలు, అదే బ్రేసులు, అంటించి హైదరాబాద్ పంపావనుకో, ఏప్రిల్ వచ్చేసరికి చెక్క ముడుచుకుంటుంది, అడ్డంగా అంటించిన బ్రేసు ముడుచుకోనివ్వదు, టాప్ నిలువునా పగులుద్ది, ఫింగర్‌బోర్డ్ మీది లోహపు ఫ్రెట్లు పక్కల నుంచి బయటికొస్తాయి. నా మొదటి ఏడు గిటార్లలో మూడు అట్లాగే పగిలాయి, కలప నాసిరకమని చెక్కని తిట్టుకున్నా గానీ తప్పు గదిది. రోజ్‌వుడ్‌కి పెట్టే డబ్బుతో ఒక చిన్న గది చుట్టూ మూసి ఏసీ, తేమ లాగే డీహ్యుమిడిఫయర్, తేమ కొలిచే హైగ్రోమీటర్ పెట్టు, తేమ 45కీ 50కీ మధ్య ఉంచు, పలకలు అందులో నెలల తరబడి ఉండాలి, జిగురు పని అంతా ఆ గదిలోనే జరగాలి. కరెంటు పోయినరోజు జిగురు డబ్బా మూత తియ్యొద్దు.

ప్రతి గిటార్‌కీ ఒక ఫైలు పెట్టు, ఏ ముక్క ఏ చెట్టు, ఎక్కడ కొన్నావు, బిల్లు కాపీ, శాస్త్రం పేరు. నా దగ్గర 2018 నుంచి ఉన్నాయి, వచ్చినప్పుడు చూద్దువు.

ఆదివారం రా. అంబాజీపేట దగ్గర ఒక ఇంటి పనస చెట్టు మొన్న గాలివానకి పడిపోతే అనుమతి కాగితంతో సహా కొని కోయించి పెట్టా, నాలుగు గిటార్లకి సరిపడా బ్యాకూ సైడ్స్ సెట్లు వస్తాయి, రెండు నీకు. డబ్బులు తేవద్దు, చెక్కలో తేమ చూసే మాయిశ్చర్ మీటర్ తీసుకురా, నాది పాడైపోయింది.

మీ మావయ్య