ముందు పగటిపూట వెళ్లు, రాత్రి సంగతి తర్వాత

కాజీపేటలో చదువుకుంటున్నానని, వయసు 22 అని, ఇంట్లో ఎవరికీ తెలియదని రాశావు. హైదరాబాద్‌లో గే పార్టీలు జరుగుతున్నట్టు ఇన్‌స్టాలో చూస్తున్నావు, ఒక్కసారైనా వెళ్లాలని ఉంది. ఒంటరిగా వెళ్తే ఏమవుతుంది, ఎంత ఖర్చవుతుంది, మనూరి వాళ్లెవరైనా కనబడితే ఎలా అని అడిగావు. నాది హనుమకొండ. ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు నడుపుతాను. నీకన్నా పద్నాలుగేళ్లు పెద్దవాణ్ని కాబట్టి తమ్మీ అనే పిలుస్తాను, ఏమనుకోకు.

నేను చెప్పేది ఒకటే. మొదటిసారే పబ్బుకు వెళ్లకు. వెళ్తే తప్పని కాదు, నేను అలాగే వెళ్లి ఒక శనివారం రాత్రంతా గోడకు ఆనుకుని నిలబడి వచ్చాను.

అప్పుడు జరిగింది ఇది. పార్టీ ఫలానా రోజు అని పది రోజుల ముందే చెప్పారు కానీ, ఎక్కడో చెప్పలేదు. పేరు రాయించుకున్నవాళ్లకు ఆ రోజు సాయంత్రం ఆరింటికి లొకేషన్ పంపారు. నేను అప్పటికే ఉప్పల్‌లో బస్సు దిగి, మెట్రో స్టేషన్ కింద ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. జూబ్లీ హిల్స్ అని వచ్చింది. ఉప్పల్ నుంచి రాయదుర్గం పోయే బ్లూ లైన్ ఎక్కితే చెక్‌పోస్ట్ స్టేషన్‌లో దిగొచ్చు, ఆ సుఖం ఉంది. గుమ్మం దగ్గర బౌన్సర్ ఆధార్ అడిగితే గుండె జారిపోయింది. పేరు ఎక్కడ రాసుకుంటారో అని టెన్షన్. ఆయన చూసింది పుట్టిన సంవత్సరం మాత్రమే, ఎందుకంటే తెలంగాణలో మందు అమ్మాలంటే 21 నిండాలి. వెయ్యి రూపాయలు కట్టాను, మణికట్టు మీద ముద్ర వేశారు.

లోపల అందరికీ అందరూ తెలిసినట్టే ఉంది. పాటలు ఇంగ్లీషు, మాటలు ఇంగ్లీషు, షర్టులు నా షాపు నెల అద్దెంత ఉంటాయేమో. ఒకాయన మర్యాదగానే వచ్చి ఎక్కడి నుంచి అని అడిగితే 'హైదరాబాదే' అన్నాను. ఎందుకు అబద్ధం చెప్పానో ఇప్పటికీ తెలియదు. ఒక కోక్ పట్టుకుని గంటన్నర నిలబడ్డాను. బయటికి వచ్చేసరికి చివరి మెట్రో పోయింది. ఆటో వాడు ఉప్పల్‌కు ఐదొందలు అన్నాడు. ఉప్పల్‌లో వరంగల్ బస్సులు ఆగే చోట దోమలు కొట్టుకుంటూ తెల్లవారుజాము దాకా కూర్చున్నాను.

ఆ తర్వాత దాదాపు ఏడాది అటు వైపు పోలేదు. మళ్లీ పోయింది పార్టీకి కాదు, బంజారా హిల్స్‌లో లామకాన్‌కి. అది 2010లో మొదలైన సాంస్కృతిక వేదిక. నాటకాలు, కవిత్వం, చర్చలు, సినిమాలు నడుస్తుంటాయి. టీ, సమోసా దొరుకుతాయి, నీ డ్రెస్సు వైపు ఎవరూ చూడరు. ఎవరైనా చూశారా అన్న భయం కూడా లేదు, నాటకం చూడ్డానికి వచ్చానంటే సరిపోతుంది. ఆ రోజు క్వీర్ వాళ్లంతా, అంటే గే, లెస్బియన్, ట్రాన్స్ మనుషులంతా, కలిసి మాట్లాడుకునే కార్యక్రమం. గుండ్రంగా కూర్చోబెట్టి, పేరు, సర్వనామం, అంటే మనల్ని ఆయన అనాలా ఆమె అనాలా అన్నది, చెప్పమన్నారు. అందరూ హీ, షీ, దే అని ఇంగ్లీషులో చెబుతున్నారు. నా వంతు వచ్చింది. 'ఆయన, అతను, వాడు, ఏదైనా పర్లేదు, ఒరేయ్ అనకపోతే చాలు' అన్నాను. నవ్వారు. ఆ నవ్వుతో నాకు ముగ్గురు దోస్తులు దొరికారు. అందులో ఒకడిది జనగామ, ఒకామెది మంచిర్యాల. అంటే నేను గోడకు ఆనుకున్న రాత్రి కూడా ఆ గుంపులో మనవాళ్లు ఉండే ఉంటారు, వాళ్లూ 'హైదరాబాదే' అని చెప్పి ఉంటారు.

డ్రాగ్ షోలు, అంటే మగవాళ్లు ఆడవేషం కట్టి ఆడేలాంటి ప్రదర్శనలు, చూడాలని ఉందన్నావు. చూడు. హైదరాబాద్‌లో డ్రాగ్ అంటే ముందు వినిపించే పేరు పట్రుని శాస్త్రి. శాస్త్రీయ నృత్యాన్ని డ్రాగ్‌తో కలిపి చేసే కళాకారుడు. ఇదంతా అమెరికా నుంచి వచ్చిన పిచ్చి అని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. స్థానం నరసింహారావు చీర కట్టి రంగస్థలం ఎక్కితే మన తాతలు టికెట్ కొని చూశారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా జడ తిప్పితే చప్పట్లు కొట్టారు, ప్రభుత్వం పద్మశ్రీ కూడా ఇచ్చింది. వాళ్ల సొంత జీవితాల సంగతి వేరు, దాని గురించి నేను మాట్లాడట్లేదు. మగవాడు ఆడవేషం కట్టడం తెలుగువాళ్లకు కొత్త కాదు అంటున్నాను, అంతే.

ఇక ప్రైడ్, అంటే మనవాళ్లంతా కలిసి వీధిలో నడిచే ఊరేగింపు. హైదరాబాద్‌లో మొదటి ప్రైడ్ నడక 2013లో జరిగింది. అప్పుడు నేను పేపర్లో ఫొటో చూసి, పేజీ తిప్పేశాను. నేను వెళ్లింది చాలా ఏళ్ల తర్వాత, పెళ్లి సంబంధాల లొల్లి ఇంట్లో బాగా ముదిరిన ఏడాది.

బోర్డు నేనే ప్రింట్ చేసుకుందామనుకున్నాను. షాపు మనదే కదా. రాత్రి తొమ్మిది దాటాక షట్టర్ సగం దించి, ప్రైడ్ జెండాలో ఉండే ఆరు రంగుల పట్టీలు వేసి, మధ్యలో 'మాదీ ఓరుగల్లే' అని పెట్టాను. రెండడుగులు, మూడడుగులు. స్క్రీన్ మీద బ్రహ్మాండంగా ఉంది. మెషీన్‌లో నుంచి వచ్చేసరికి ఊదా రంగు కాస్తా వంకాయ కూర రంగులో పడింది. ఫ్లెక్సీ పని తెలిసినవాళ్లకు ఈ బాధ తెలుసు, స్క్రీన్ మీద మెరిసే ఊదా ఇంకులో రాదు. మూడోసారి కొడుతుంటే మా ఆపరేటర్ పిల్లవాడు టిఫిన్ డబ్బా మర్చిపోయానని వెనక్కి వచ్చాడు. కాసేపు చూశాడు.

'అన్నా, ఇది ఏ పార్టీది?'

'కొత్త పార్టీరా.'

'ఆరు రంగులా? మరి లీడర్ ఫొటో ఏదన్నా?'

లీడర్ లేడురా అన్నాను. లీడర్ ఫొటో లేని ఫ్లెక్సీ వాడు జీవితంలో చూసి ఉండడు పాపం. తాడు కట్టే ఐలెట్లు వాడే కొట్టిపెట్టి పోయాడు, ఇంకో మాట అడగలేదు.

నడక రోజు ఆ ఫ్లెక్సీ గంటసేపు చుట్ట చుట్టే చేతిలో పట్టుకున్నాను. విప్పితే ఫొటోలు తీస్తారని భయం. మాస్కు పెట్టుకున్నవాళ్లు, రంగు పూసుకుని మొహం గుర్తుపట్టకుండా చేసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, కాబట్టి నువ్వూ మొహమాటపడకు, అది అక్కడ మామూలే. డప్పులు మొదలయ్యాక ఇక ఆగలేక విప్పాను. రెండు నిమిషాలు కాలేదు, పట్టుచీరలో ఉన్న ఒక పెద్దామె, హిజ్రా అక్క, జనంలోంచి తోసుకుంటూ వచ్చి బోర్డు మీద వేలు పెట్టి 'ఏ గల్లీ బిడ్డా?' అని అడిగింది. హనుమకొండ చౌరస్తా దగ్గర అన్నాను. 'మాది కరీమాబాద్' అంది. బోర్డు ఇంకో కొస తనే పట్టుకుంది. చివరి దాకా వదల్లేదు.

మనూరి వాళ్లు కనబడతారా అని అడిగావు కదా. కనబడతారు.

నాకు పార్టీల కన్నా ప్రైడే ఎక్కువ నచ్చుతుంది, దాచను. పార్టీకి డబ్బున్నవాళ్లు వస్తారు, ప్రైడ్‌కి అందరూ వస్తారు. కాలేజీ పిల్లలు, ఆఫీసుల వాళ్లు, సిగ్నల్ దగ్గర డబ్బులు అడిగే అక్కలు, కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చిన ఒక తల్లి. ఫీజు లేదు, డ్రెస్ కోడ్ లేదు.

ఒక సంగతి తెలుసుకో. వీధిలో మనం అలా ఆడటం ఒకప్పుడు నేరం. నిజాం కాలంలో, 1919లో, హిజ్రాల మీద 1329 ఫస్లీ చట్టం అని ఒకటి చేశారు, ఫస్లీ అంటే అప్పటి సర్కారు సంవత్సరాల లెక్క. ఆడబట్టలు వేసుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనబడినా, పాడినా, ఆడినా హిజ్రాలను వారెంటు లేకుండా పట్టుకెళ్లొచ్చు. వాళ్ల పేర్లు రిజిస్టర్‌లో రాయించాలి. మన వరంగల్ కూడా ఆ రాజ్యంలోదే. ట్రాన్స్ హక్కుల కోసం పోరాడే వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు కేసు వేస్తే తెలంగాణ హైకోర్టు 2023 జులైలో ఆ చట్టాన్ని కొట్టేసింది. నూరేళ్లు దాటి పుస్తకాల్లో ఉండిపోయింది. కరీమాబాద్ అక్క ఆ రోజు నా బోర్డు పట్టుకుని డప్పుకు అడుగులు వేస్తుంటే, ఆ చట్టం ఇంకా బతికే ఉంది. నాకా సంగతి తర్వాతెప్పుడో చదివితే తెలిసింది. ఆమెకు అప్పటికే తెలుసేమో.

రెండోసారి పబ్బుకు వెళ్లింది ఆ ముగ్గురు దోస్తులతో. అదే వెయ్యి రూపాయలు, అవే ఇంగ్లీషు పాటలు, కానీ ఈసారి గోడ దగ్గర నలుగురం. మా మంచిర్యాల ఆమె డీజే దగ్గరికి పోయి ఏం చెప్పిందో, మూసే టైముకు కొంచెం ముందు మన జానపదం ఒకటి పెట్టాడు. అందరూ తీన్మార్ మొదలుపెడితే మేం మాత్రం గుండ్రంగా నిలబడి, వంగి చప్పట్లు కొడుతూ బతుకమ్మ ఆడాం. ఎవరో ఒకరి సైడ్ బ్యాగు తీసి మధ్యలో పెట్టారు, తంగేడు పూలకు బదులు. పదేళ్ల వయసులో వేయిస్తంభాల గుడి దగ్గర అమ్మ వాళ్లతో ఆడుతుంటే మా మేనమామ చెవి పట్టుకుని లాక్కొచ్చాడు నన్ను. ఆ అడుగు కాళ్లకు గుర్తుందని నాకే తెలియదు.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. బస్సు, మెట్రో, ఎంట్రీ, తిండి అన్నీ కలిపి నాకు రెండు వేల ఐదొందల దాకా అవుతుంది. మందు తాగితే ఇంకో లెక్క. స్టూడెంటువి, రెండు నెలలకోసారి చాలు. లామకాన్ లాంటి చోటికైతే దాదాపు చార్జీల ఖర్చే.

అసలు జాగ్రత్త పడాల్సింది పబ్బులో కాదు, డేటింగ్ యాప్‌లో. పార్టీకి తోడుగా వస్తానని ఒకడు యాప్‌లో పరిచయమయ్యాడు. ముందు రూముకు రమ్మన్నాడు. అక్కడ ఇంకో ఇద్దరున్నారు. వీడియో తీశాం, ఇంట్లో వాళ్లకు పంపుతాం, పోలీసులకు పట్టిస్తాం అని నాలుగు వేలు ఫోన్‌లోనే పంపించుకున్నారు. వణుకుతూ పంపాను. పోలీసుల మాట ఉత్త బెదిరింపని అప్పుడు తట్టలేదు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక, ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి కలిస్తే నేరం కాదు. బెదిరించి డబ్బు గుంజడమే నేరం. ఆ తీర్పు రోజు నాకు బాగా గుర్తు. వినాయక చవితికి వారమే ఉంది, షాపు నిండా మండపాల ఫ్లెక్సీలు, పక్క టీ కొట్టు టీవీలో ఈ వార్త. ఎవడో 'ఇక పాయింట్ ఫైవ్‌లదే రాజ్యం' అంటే అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అందుకే చెబుతున్నా, కొత్త మనిషిని మొదటిసారి జనం ఉన్న చోటే కలువు. ఎక్కడున్నావో ఒక్క దోస్తుకైనా లొకేషన్ పంపి పెట్టు. ఎవరైనా బెదిరిస్తే డబ్బు పంపకు, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకో, 1930కి ఫోన్ చెయ్యి, అది సైబర్ మోసాల నంబరు.

హైదరాబాద్ దాకా పోలేనంటే, మన దగ్గర ఏమీ లేదనుకోకు. శ్రీరామనవమికి వేములవాడ పోయి చూడు. రాజన్న గుడి దగ్గర సీతారాముల కల్యాణం జరుగుతుంటే శివపార్వతులు అని పిలిచే భక్తులు, వాళ్లలో హిజ్రాలు, జోగినులు, త్రిశూలం పట్టుకుని, నొసటికి బాసింగం కట్టుకుని, దేవుణ్ని పెళ్లాడి తలంబ్రాలు చల్లుకుంటారు. అది పార్టీ కాదు, ప్రైడ్ కాదు, వాళ్ల నమ్మకం. నువ్వు పోయి ఫొటోలు తీసి ఇన్‌స్టాలో పెట్టకు. ఊరికే ఆ జనంలో ఒక గంట నిలబడు.

చివరగా తిరిగొచ్చే సంగతి, ఎందుకంటే ఇంట్లో దొరికిపోయేది అక్కడే. కాటుక పెట్టుకుంటే నీళ్లతో పోదు, కళ్లు నల్లగా ఉండిపోతాయి. చిన్న కొబ్బరినూనె ప్యాకెట్ ఒకటి, పాత చేతిరుమాలు ఒకటి బ్యాగులో వేసుకో, బస్సు ఎక్కకముందే తుడుచుకో. మణికట్టు ముద్ర కూడా నూనెకే పోతుంది. గ్లిట్టర్ మాత్రం దేనికీ పోదు. పోయినసారి నేను వచ్చిన మర్నాడు ఒకాయన కూతురి పెళ్లి ఫ్లెక్సీ తీసుకోవడానికి వచ్చాడు. పరిచి చూపిస్తుంటే పెళ్లికొడుకు చెంప మీద రెండు చుక్కలు తళుక్కుమన్నాయి. నా చేతుల నుంచి రాలినవే. ఆయన వంగి, వేలితో తడిమి చూసి, 'మెరుపు మంచిగున్నది. దీనికి సపరేటు పైసలా?' అన్నాడు.

లేదు సార్, ఫ్రీ అన్నాను.