డాక్టర్ సలహా: బండి నడిపితే కుడి చెయ్యి మొద్దుబారుతోంది, ఏ గ్లోవ్స్ వాడాలి?

ప్రశ్న: నా వయసు 43. ఉద్యోగం హైదరాబాద్‌లో, కుటుంబం విజయవాడలో. కంప్యూటర్ ముందు పని. రెండు వారాలకోసారి 350 సీసీ బండి మీద ఇంటికి వెళ్ళొస్తాను. చిట్యాల దాటేసరికి యాక్సిలరేటర్ పట్టుకున్న చెయ్యి లాగడం మొదలవుతుంది. సూర్యాపేట చేరేసరికి వేళ్ళు మొద్దుబారిపోతాయి. ఈమధ్య రాత్రిళ్ళు కూడా తిమ్మిరితో మెలకువ వస్తోంది, చెయ్యి విదిలిస్తే సర్దుకుంటోంది. బయల్దేరే ముందు ఒక డైక్లోఫెనాక్ నొప్పి మాత్ర, దారిలో ఇంకొకటి వేసుకుంటున్నాను. బీపీకి టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడతాను. షుగర్ లేదనుకుంటున్నాను. జెల్ గ్లోవ్స్ మంచివా, యాక్సిలరేటర్‌కు తగిలించే అరచేతి రెస్ట్ మంచిదా? చేతి బలం కోసం హ్యాండ్ గ్రిప్పర్ కొన్నాను, రోజుకు ఎన్నిసార్లు నొక్కాలి? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందు ఆ డైక్లోఫెనాక్ ఆపండి. గ్లోవ్స్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టిన వాక్యం అదే. మీరు బీపీకి వేసుకునే మాత్రలో రెండు మందులున్నాయి. హైడ్రోక్లోరోథయజైడ్ ఒంట్లోంచి నీటిని, ఉప్పును బయటికి పంపుతుంది. టెల్మిసార్టన్ కిడ్నీలోని సన్నటి రక్తనాళాల మీద కూడా పనిచేస్తుంది. ఈ రెండూ బీపీకి మంచి మందులే, వాటితో పేచీ లేదు. వాటికి డైక్లోఫెనాక్ తోడైతేనే చిక్కు. ఈ రకం నొప్పి మాత్రలు కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. మూడూ ఒకేసారి ఒంట్లో ఉండి, పైనుంచి ఎండలో జాకెట్, హెల్మెట్ వేసుకుని చెమటలు కక్కుతూ, మధ్యలో బండి ఆపాల్సి వస్తుందని నీళ్ళు కూడా తాగకుండా నాలుగైదు గంటలు ప్రయాణం చేస్తే, ఉన్నట్టుండి కిడ్నీలు దెబ్బతినవచ్చు. అందరికీ అలా అవుతుందని చెప్పను. మీకు అవుతుందనీ చెప్పలేను. కానీ చెయ్యి లాగుతోందని తీసుకోవాల్సిన రిస్క్ కాదిది. పైగా ఈ నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, బీపీ మందు పనిని తగ్గిస్తాయి. ఈమధ్య మీ బీపీ అదుపు తప్పిందేమో చూపించుకున్నారా?

దీన్ని చదివి బీపీ మాత్ర మానేయకండి. ఆపమన్నది నొప్పి మాత్రను మాత్రమే. ఒకసారి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం, మూత్రపరీక్ష చేయించి మీ డాక్టరుకు చూపించండి. కడుపులో మంట, నల్లటి మలం, మూత్రం తగ్గడం, కాళ్ళ వాపు లాంటివి ఉంటే ఈరోజే వెళ్ళండి.

డైక్లోఫెనాక్ డాక్టరు చీటీ మీద మాత్రమే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందు. అయినా కౌంటర్ దగ్గర “చెయ్యి లాగుతోంది” అంటే చాలు, స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చేస్తున్నారు. మీకు బీపీ ఉందా, కడుపులో పుండు ఉందా, ఆస్తమా ఉందా అని అడిగేవాళ్ళు అరుదు. చదువుకున్నవాళ్ళు, ఆఫీసులో పది పేజీల రిపోర్టు క్షుణ్ణంగా చూసేవాళ్ళు కూడా మాత్ర విషయంలో అట్ట వెనక్కి తిప్పి చూడటం లేదు. ఓపీలో రోజూ చూస్తున్నాను కాబట్టి కాస్త కటువుగా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

ఇంకో మాట. డైక్లోఫెనాక్ సరిపోవడం లేదని కొందరు కండరాలు వదులయ్యే మందు కలిసిన మాత్రలకు మారతారు. క్లోర్‌జోక్సజోన్ కలిసినవి ఆ కోవలోవే, మత్తు వస్తుంది. నరాల తిమ్మిరికని ఎవరో చెప్తే ప్రీగాబలిన్ వేసుకునేవాళ్ళూ ఉన్నారు, దాంతోనూ మగత, తూలడం ఉంటాయి. ఇవి వేసుకుని హైవే మీద బండి నడపకూడదు. బీ కాంప్లెక్స్ మాత్రలైతే ఏ హానీ ఉండదని అనుకుంటారు. విటమిన్ బీ6 ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే దానివల్లే చేతులకు, కాళ్ళకు తిమ్మిరి వస్తుంది.

ఇక మీ చెయ్యి విషయం. మీరు దీన్ని అలసట అంటున్నారు. గంటల తరబడి యాక్సిలరేటర్ తిప్పి పట్టుకుంటే ముంజేతి కండరాలు అలిసిపోతాయి, లాగుతాయి, ఇది మామూలే. బండి దిగి, కాసేపు విశ్రాంతి తీసుకుని, ఒక రాత్రి నిద్రపోతే తగ్గిపోవాలి. మీకు అలా తగ్గడం లేదు. బండి ముట్టుకోని రాత్రుల్లో కూడా తిమ్మిరితో మెలకువ వస్తోంది, చెయ్యి విదిలిస్తే తగ్గుతోంది. ఈ రెండు మాటలు వింటే ఏ డాక్టరుకైనా ముందు గుర్తొచ్చేది కార్పల్ టనెల్ సిండ్రోమ్. చెయ్యి పట్టుకుని చూడకుండా అదేనని ఖాయంగా చెప్పలేను. అది కాదని తేలేదాకా అదేనేమో అనుకుని జాగ్రత్త పడటం మంచిది.

మణికట్టు దగ్గర ఎముకలకు, వాటి మీద అడ్డంగా ఉండే గట్టి పట్టీకి మధ్య ఒక ఇరుకైన దారి ఉంటుంది. వేళ్ళను ముడిచే తొమ్మిది టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ళ లాంటివి), వాటితోపాటు మీడియన్ నరం ఆ దారిలోంచే అరచేతిలోకి వెళ్తాయి. టెండన్ల చుట్టూ ఉన్న పొర వాచినా, మణికట్టును చాలాసేపు పైకో కిందికో వంచి ఉంచినా లోపల ఒత్తిడి పెరుగుతుంది. కిక్కిరిసిన బస్సులో పెద్దవాళ్ళ మధ్య చంటిపిల్ల నలిగినట్టు, అందరిలోకీ మెత్తనైన నరం నలుగుతుంది. యాక్సిలరేటర్ తిప్పినప్పుడు మీ మణికట్టు ఎలా ఉంటుందో ఒకసారి గమనించండి. చాలామందికి వెనక్కి విరిచినట్టు ఉంటుంది. దానికి గట్టి పట్టు, సింగిల్ సిలిండర్ ఇంజన్ అదురు తోడవుతాయి. వారమంతా అదే చేత్తో మౌస్, రాత్రి ఫోన్, ఆ తర్వాత చెయ్యి మడిచి తలకింద పెట్టుకుని నిద్ర. మీ నరానికి విశ్రాంతి ఎప్పుడు దొరుకుతోందో చెప్పండి. నెలకు రెండుసార్లు చేసే ప్రయాణం ఒక్కటే కారణమని నాకు అనిపించడం లేదు.

ఏ వేళ్ళు మొద్దుబారుతున్నాయో మీరు రాయలేదు. అది ముఖ్యం. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరం వేలులో బొటనవేలి వైపు సగం అయితే మీడియన్ నరం. చిటికెనవేలు, ఉంగరం వేలులో మిగతా సగం అయితే అల్నార్ నరం. అది మోచేయి దగ్గర నలగవచ్చు, అరచేతి అంచు హ్యాండిల్‌కు ఒత్తుకుని అక్కడా నలగవచ్చు. మెడ నుంచి భుజం మీదుగా నొప్పి దిగుతూ, మెడ తిప్పితే ఎక్కువవుతుంటే మెడ దగ్గర నరాన్ని అనుమానించాలి. రెండు చేతులకు, రెండు పాదాలకు కూడా తిమ్మిరి ఉంటే కథ పూర్తిగా వేరు, అక్కడ షుగర్, బీ12 లోపం లాంటివి వెతుకుతాం. ఈసారి తిమ్మిరి వచ్చినప్పుడు ఏ వేళ్ళో చూసుకుని కాగితం మీద రాసిపెట్టుకోండి.

“షుగర్ లేదనుకుంటున్నాను” అన్నారు. అనుకోవడం రిపోర్టు కాదు. 43 ఏళ్ళు, బీపీ, కూర్చుని చేసే ఉద్యోగం. పరగడుపున షుగర్, రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ చేయించండి. షుగర్ జబ్బు, థైరాయిడ్ తక్కువగా ఉండటం, కీళ్ళవాతం, ఆడవాళ్ళలో గర్భం, వీటన్నిటిలోనూ కార్పల్ టనెల్ ఎక్కువగా కనిపిస్తుంది. అసలు కారణాన్ని వదిలేసి మణికట్టుకు ఎన్ని పట్టీలు కట్టినా ఫలితం అంతంతమాత్రమే.

ఆలస్యం గురించి కూడా చెప్పాలి. తిమ్మిరి వచ్చి పోతున్న దశలో నరం చాలావరకు కోలుకోగలదు. తిమ్మిరి అస్తమానం ఉండే దశకు, చొక్కా గుండీ పెట్టుకోలేని దశకు, గ్లాసు జారిపోయే దశకు వచ్చాక బొటనవేలి మొదట్లో ఉన్న దళసరి కండ కరగడం మొదలవుతుంది. రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ పల్లం కనిపిస్తుంది. అప్పుడు ఆపరేషన్ చేసినా పోయిన బలం మొత్తం తిరిగొస్తుందని హామీ ఇవ్వలేం. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎంతోమంది ఆ పల్లం పడ్డాకే వస్తారు. అన్నాళ్ళూ ఏం చేశారని అడిగితే నొప్పి మాత్ర వేసుకున్నాం అంటారు. మాత్ర నొప్పిని కప్పిపెడుతుంది, నరం మీది ఒత్తిడి మాత్రం అలాగే ఉంటుంది.

డాక్టరు దగ్గరికి వెళ్తే మణికట్టు వంచి ఒక నిమిషం ఉంచి, నరం మీద తట్టి చూస్తారు. అవసరమనిపిస్తే నరం ఎలా పనిచేస్తోందో చూసే నర్వ్ కండక్షన్ టెస్ట్ రాస్తారు. చిన్న చిన్న షాకులు తగిలినట్టు ఉంటుంది, భరించగలిగేదే, దానికి భయపడి వాయిదా వేయకండి. తొలిదశ అయితే రాత్రిపూట మణికట్టును నిటారుగా ఉంచే స్ప్లింట్ కొన్ని వారాలు వాడమంటారు. క్రేప్ బ్యాండేజ్ బిగించి చుట్టుకోవడం స్ప్లింట్ కాదు, దానివల్ల ఒత్తిడి ఇంకా పెరగవచ్చు. కొందరికి అక్కడ స్టెరాయిడ్ ఇంజెక్షన్ పనిచేస్తుంది. అది అనుభవమున్న డాక్టరు చేతుల్లో చేయించుకోవాల్సినది. ముదిరితే చిన్న ఆపరేషన్ ఉంటుంది. ఏది మీకు సరిపోతుందో చూసినవాళ్ళే నిర్ణయించాలి.

ఇప్పుడు మీరు అడిగినవి. హ్యాండ్ గ్రిప్పర్ పక్కన పెట్టండి. పిడికిలి గట్టిగా బిగించిన ప్రతిసారీ ఆ ఇరుకు దారిలో ఒత్తిడి పెరుగుతుంది. మీ సమస్య బలం తక్కువై వచ్చిందని అనిపించడం లేదు.

జెల్ గ్లోవ్స్ అదురును కొంత తగ్గిస్తాయి, వాడండి, తప్పులేదు. మణికట్టు దగ్గర పట్టీ బిగుతుగా ఉండేవి వద్దు. మరీ మందంగా ఉంటే హ్యాండిల్ తెలియక ఇంకా గట్టిగా పట్టుకుంటారు, అదీ చూసుకోండి.

అరచేతి రెస్ట్ వల్ల పట్టు వదులు చేసుకోవచ్చన్నది నిజమే. కానీ బ్రేకు కోసం వేళ్ళు చాపినప్పుడు అరచేయి ఆ రెస్ట్ మీద పడి బండి ముందుకు దూకే అవకాశం ఉంది. ఎల్బీనగర్ నుంచి చౌటుప్పల్ దాకా ఉండే రద్దీలో దాన్ని వాడమని నేను చెప్పను. యాక్సిలరేటర్‌ను ఒకచోట బిగించేసే లాక్ అయితే మన రోడ్ల మీద అసలే వద్దు. రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బండ్లు, డివైడర్ సందులోంచి దూరే పశువులు, వీటి మధ్య చెయ్యి తీస్తే వేగం దానంతటదే తగ్గాలి.

వీటికన్నా బండి మీద మీరు కూర్చునే తీరు ఎక్కువ తేడా చూపిస్తుంది. ఒంటి బరువు చేతుల మీద వేసి వాలుతున్నారేమో చూడండి. మోకాళ్ళతో ట్యాంకును నొక్కిపట్టి, బరువు నడుము, తొడలు మోసేలా కూర్చుంటే చేతులు తేలికవుతాయి. మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి. బండి మీద కూర్చుని బ్రేకు లీవర్ మీద వేళ్ళు పెడితే ముంజేయి, మణికట్టు, వేళ్ళు ఒకే గీతలో ఉండాలి. లేకపోతే మెకానిక్‌తో లీవర్ కోణం, హ్యాండిల్ ఎత్తు సరిచేయించండి, పది నిమిషాల పని. యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుపోయి ఉంటే మార్పించండి. హ్యాండిల్ చివర్ల బరువులు ఊడిపోయాయా, ఇంజన్ బిగింపు బోల్టులు వదులయ్యాయా, టైర్లలో గాలి ఎక్కువుందా అనేవీ అడగండి, అదురు వీటివల్లా పెరుగుతుంది. ఏ వేగంలో అదురు ఎక్కువుందో మీకే తెలుస్తుంది. దానికన్నా కాస్త తగ్గించి నడపండి.

ఎడమ చేతిని అప్పుడప్పుడు విదిలించుకోవచ్చు, కుడిచేతికి ఆ వీలు లేదు. కాబట్టి ఆగడం ఒక్కటే మార్గం. గంటకోసారి, వీలైతే ఇంకా ముందే, సురక్షితమైన చోట బండి ఆపండి. గ్లోవ్స్ తీసి వేళ్ళు చాపండి, ముడవండి, భుజాలు తిప్పండి, నీళ్ళు తాగండి. సూర్యాపేట దాకా ఒకే ఊపులో వెళ్ళాలన్న పట్టుదల వద్దు. తిమ్మిరెక్కిన చేత్తో ముందు బ్రేకు ఎంత నొక్కుతున్నారో మీకే తెలియదు. నన్నడిగితే పరీక్షలయ్యేదాకా రెండు మూడు ప్రయాణాలు బస్సులోనో రైల్లోనో చేయండి.

చలికాలం లంబసింగి, అరకు వైపు బండ్ల మీద వెళ్ళేవాళ్ళకు ఒక మాట. చలిలో వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి, తర్వాత ఎర్రబడి మండుతుంటే అది రక్తనాళాల సమస్య కావచ్చు, ఏళ్ళ తరబడి అదురు తగిలిన చేతుల్లో వస్తుంది. సిగరెట్ దాన్ని ఇంకా పెంచుతుంది. రోజంతా బండి మీదే ఉండే డెలివరీ పనివాళ్ళు కూడా దీన్ని గమనించుకోవాలి.

చెయ్యి ఉన్నట్టుండి ఒక్కసారిగా పడిపోయినా, మాట తడబడినా, మూతి వంకర పోయినా అది మణికట్టు సమస్య కాదు. అలాగే చేతి నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉన్నా. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ముందు మీ ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళండి, అక్కణ్నుంచి అవసరాన్ని బట్టి న్యూరాలజిస్ట్ దగ్గరికో ఆర్థోపెడిక్ దగ్గరికో పంపిస్తారు. వెళ్ళేటప్పుడు ఈ నాలుగైదు నెలల్లో వేసుకున్న మాత్రల స్ట్రిప్పులన్నీ, ఖాళీవి దొరికినా సరే, ఒక కవర్లో వేసి తీసుకెళ్ళండి. ఎవరూ చీటీ రాయకుండా కొన్నవి కూడా అందులో ఉండాలి.