మద్రాసు రేవు పటాల కోసం అమ్మాయి ఎఫ్‌డీ తీయొచ్చా?

ప్రశ్న: తిరుపతిలో ఉంటాను. వయసు 44, డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. మద్రాసు, పుదుచ్చేరి, మచిలీపట్నం రేవుల పాత పటాలు సేకరించడం నా సరదా. ఒక డీలరు 18వ శతాబ్దపు ఫ్రెంచి పటాల నిపుణుడు బెల్లిన్ గీసిన ఆరు పటాలు కలిపి రూ.3.5 లక్షలకు ఇస్తానంటున్నాడు. ఐదేళ్లలో డబ్బు రెట్టింపు అవుతుందట. అమ్మాయి ఇంజినీరింగ్‌ కోసం వేసిన ఎఫ్‌డీ తీసి కొనొచ్చా? ఫీజుకు ఇంకా రెండేళ్లుంది.

జవాబు: ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి సార్. ఫీజు కట్టాల్సింది రెండేళ్లలో, ఆయన చెబుతున్నది ఐదేళ్ల మాట.

పోనీ, ఆ ఐదేళ్ల లెక్కే చూద్దాం. మీరు కొనేది షాపు ధరకు, అమ్మేది డీలరు కొనే ధరకు. సగానికి తీసుకుంటాడనుకుంటే, ఇంటికి తెచ్చిన రోజే వాటి విలువ 1.75 లక్షలు. మీ చేతికి 7 లక్షలు రావాలంటే షాపు ధర 14 లక్షలకు చేరాలి. అంటే ఐదేళ్లూ ఏటా 32 శాతం పెరగాలి! ఆయన్ని ఒక్కటే అడగండి: "ఆర్నెల్లకు తిరిగి తెస్తే ఎంతకు తీసుకుంటారు? రసీదు మీద రాసివ్వండి." బంగారానికైతే ఏ రోజు రేటు ఆ రోజు తెలుస్తుంది. పటానికి అలాంటి రేటు బోర్డు ఎక్కడా లేదు.

పాతదైనంత మాత్రాన అరుదైనది కాదు. బెల్లిన్ 1764లో ఐదు సంపుటాల్లో సుమారు 580 పటాలు అచ్చువేయించాడు. అలాంటి పుస్తకాలు విప్పి పటాలను విడివిడిగా అమ్మడం ఈ వ్యాపారంలో మామూలే. పైగా అవి ఎక్కువగా రంగుల్లేకుండానే వచ్చాయి. పటంలో సముద్రానికి నీలి రంగు ఉంటే, అది ఈ మధ్య ఎవరో అద్దింది కావచ్చు. కొనేముందు భూతద్దం పట్టుకెళ్లండి. రంగు చిన్నచిన్న చుక్కలుగా విడిపోయి కనిపిస్తే అది ఈ కాలపు ప్రింటే. రాగిరేకుతో అచ్చువేసినదైతే, అంచులు కత్తిరించకుండా ఉంటే, చుట్టూ రేకు నొక్కుకున్న గుర్తు ఉంటుంది. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే కాగితంలో వరుస గీతలు కనిపించాలి.

విదేశీ వేలంలో అమ్ముకుందామన్న ఆశ కూడా పెట్టుకోకండి. వందేళ్లు దాటిన పురావస్తువుల్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం 1972 చట్టం ప్రకారం కుదరదు. మీ పటం అందులోకి వస్తుందో లేదో తేల్చేది పురావస్తు శాఖే.

నిజం చెప్పొద్దూ, మీ పిచ్చి నాకూ అర్థమవుతుంది. 1639లో మద్రాసు స్థలం సంపాదించిన ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే అంతకుముందు మన దగ్గరి దుగరాజపట్నంలోనే ఉండేవాడు. ఆ దానాన్ని 1645లో ఖాయం చేసిన శ్రీరంగరాయలు చంద్రగిరి రాజే. ఆదివారం చంద్రగిరి కోటలో తిరిగొచ్చి ఇంట్లో ఆ పటం చూసుకుంటే ఎలా ఉంటుందో ఊహించగలను. అందుకే వద్దే వద్దనను. డీఏ బకాయిలు పడ్డప్పుడు ఆరింట్లో ఒక్కటి కొనండి. మళ్లీ అమ్మాలన్న ఆలోచన లేకుండా గోడకు తగిలించుకునేది ఏదో అది. ఎండ పడని గోడ చూసుకోండి. ఇంటి బీమా ఉంటే అందులో విలువైన వస్తువుగా విడిగా రాయించండి.