ఒకే నది, రెండు పక్షాలు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

న్యూజిలాండ్‌లో 1864 నాటి మౌటోవా దీవి పోరు గురించి నువ్వు రాసిన కథ చదివాను. వర్ణనలో బలముంది. అయితే బ్రిటిష్ వలస ప్రభుత్వాన్ని ఎదిరించిన మావోరీలందరినీ, అంటే అక్కడి మూలవాసులందరినీ, వీరులుగానూ, వారిని అడ్డుకున్న మావోరీలందరినీ అమ్ముడుపోయినవారుగానూ చిత్రించడంతో కథ పలచబడింది.

అలా అడ్డుకున్న వాంగనుయ్ నది దిగువ మావోరీలు ఎందుకు పోరాడారో ముందు ఆలోచించు. తె ఉవా హౌమేనె స్థాపించిన ‘పై మారిరె’ అనే మతాన్ని స్వీకరించిన ఎగువవారు, మాతెనె రంగితౌయిరా వెంట పడవల్లో దిగివచ్చి, వాంగనుయ్ పట్టణంలోని తెల్లవారిపై దాడికి దారి అడిగారు. దిగువవారు ఒప్పుకోలేదు. వారికి ఆ పట్టణంతో వ్యాపారముంది. గోధుమ పండించి, 1854లోనే నది ఒడ్డున కవానా పిండిమర నెలకొల్పుకున్నవారు. అంతకుమించి, తమ అనుమతి లేకుండా తమ నీటి మీదుగా ఒక సేన సాగిపోతే తమ ‘మనా’, అంటే తరతరాల అధికారమూ గౌరవమూ, నిలవవు. ఆ నిరాకరణలో గవర్నరు పట్ల విధేయత కంటే నది మీది హక్కే నాకు ఎక్కువగా కనిపిస్తుంది.

ఇరుపక్షాలూ ముందే మాట్లాడుకుని నది నడుమనున్న ఆ దీవిని పోరుకు ఎంచుకున్నాయి. మే 14న, కుడి అరచేయి ఎత్తి మంత్రం పఠిస్తే తూటాలు తగలవని నమ్మినవారు ఒకవైపు, వారి బంధువులే మరొకవైపు. మాతెనెతో సహా ఆ పక్షాన దాదాపు 50 మంది చనిపోయారు. దిగువవారిలో 15 మంది దాకా. నువ్వు ఈ ఘట్టాన్ని తుపాకుల మోతతో దాటేశావు. ఇక్కడ నిలబడు. ఎదుటివాడి తాత పేరు తెలిసి కూడా తుపాకీలో మందు కూరే మనిషి మనసులోకి వెళ్లు.

మరుసటి ఏడాదే పట్టణంలో దిగువపక్షపు మృతులకు స్మారకం నిలిపి, వారు శాంతిభద్రతల కోసం, మతోన్మాదానికీ అనాగరికతకూ ఎదురొడ్డి మరణించారని చెక్కించారు. నీ కథ కూడా ఆ రాతిమీది కారణాన్నే నిజమనుకుని, పొగడ్తకు బదులు నింద పెట్టింది.

దిగువపక్షపు నాయకుడు తె కీపా తె రంగిహివినుయ్ జీవితం చదువు. ప్రభుత్వం తరఫున, దాన్ని ఎదిరించిన మావోరీ నాయకులు టీటోకోవరూతోనూ తె కోటీతోనూ పోరాడిన ఆయనే, 1880లో వాంగనుయ్ భూములు చేజారకుండా ట్రస్టు ఏర్పరచి, సరిహద్దుల్లో స్తంభాలు నాటించాడు. ఆయన మనసు మార్చుకున్నాడని తొందరపడి రాయకు. రెండు పనులకూ మూలం ఒకటే కావచ్చు.

ఎగువవారి కోపాన్నీ మతావేశంగా కొట్టివేయకు. 1863లో మావోరీల వైకాటో ప్రాంతంపై ప్రభుత్వ దండయాత్ర జరిగింది, ఆ ఏడాదే మావోరీ భూముల జప్తుకు చట్టం వచ్చింది. తర్వాతి వంతు తమదేనని వారు భయపడటానికి కారణాలున్నాయి. ఈ భయాన్ని ఒక అన్నకూ, నది మీది హక్కు పోతుందన్న భయాన్ని అతని తమ్ముడికీ ఇచ్చి మళ్లీ రాయి. పూర్తయ్యాక పంపు, శ్రద్ధగా చదువుతాను.